అరక్కోణం నుంచి రేణిగుంటకు ఎంత దూరం, తిరుత్తణి నుంచి కలెక్టరాఫీసుకు ఎంత దూరం

ఇది కాస్త పొడుగు పోస్టు. ఆదివారం పూట కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు సరదాగా ఒక ప్రశ్న వేశాడు. అరక్కోణంలో అంత పెద్ద రన్‌వే ఉంది కదా, రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది కదా, మధ్యలో విమానం నడిపితే ఎంతసేపట్లో వెళ్లొచ్చు అని. కొందరు నవ్వుకున్నారు, కొందరు "బస్సే సరిగ్గా రాదు, నీకు విమానమా" అన్నారు. మేము మాత్రం ఆ ప్రశ్నను పట్టుకుని రెండు రాత్రులు మ్యాపు ముందు కూర్చున్నాం. కూర్చున్నకొద్దీ అది విమానం ప్రశ్న కాదనీ, మన తాలూకా చరిత్ర మొత్తం ఆ దూరాల్లోనే ఉందనీ అనిపించింది. ముందు తమ్ముడికి జవాబు చెప్పి, తర్వాత అసలు సంగతికి వస్తాం.

అరక్కోణంలో ఉన్నది నౌకాదళం వారి ఐఎన్ఎస్ రాజాళి. రెండో ప్రపంచయుద్ధం నాటి పాత రన్‌వే ఉన్నచోటే దాన్ని పెంచి కట్టారు. 1992 మార్చి 11న అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ దాన్ని ప్రారంభించారు. రన్‌వే పొడవు 4 కిలోమీటర్లకు పైనే. మన తిరుత్తణి కొండ మెట్లెక్కి దక్షిణం వైపు చూస్తే, సముద్రం మీద గస్తీ తిరిగే ఆ పెద్ద విమానాలు దిగుతూ లేస్తూ కనిపిస్తుంటాయి. మన పిల్లలకు అవి కాకులంత మామూలు. కానీ టికెట్టు కొనుక్కుని ఎక్కే విమానం అక్కడ ఒక్కటీ లేదు. రేణిగుంటది మాత్రం ప్రయాణికుల విమానాశ్రయమే. దాని కొత్త టెర్మినల్‌ను 2015 అక్టోబరు 22న ప్రారంభించారు.

ఈ రెంటి మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 64 కిలోమీటర్లు. చెన్నై మీనంబాక్కం నుంచి రేణిగుంటకు అలాగే గీస్తే సుమారు 98. ఆ గీత మన తిరువళ్లూరుకు కొంచెం తూర్పుగా పోతుంది. రెండు ఇంజన్ల ఫ్యాను విమానాలు, అంటే చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్‌లు, గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతాయి. లెక్క కడితే అరక్కోణం నుంచి రేణిగుంటకు 8 నిమిషాలు, చెన్నై నుంచి 12 నిమిషాలు. అయితే ఆ లెక్క కాగితం మీద లెక్క. విమానం ఆ వేగం అందుకోవాలంటే ముందు పైకెక్కాలి. ఎక్కడం పూర్తి కాకముందే దిగడం మొదలుపెట్టాలి. గాలి ఎటు వీస్తే దానికి ఎదురుగా దిగాలి కాబట్టి ఒక్కోసారి చుట్టూ తిరిగి రావాలి. రన్‌వే దాకా పాకుతూ పోవడం, వంతు కోసం ఆగడం సరేసరి. అందుకే టైంటేబులులో వేసే సమయం, గాల్లో ఉండే సమయం ఎప్పుడూ ఒకటి కావు. దూరం తగ్గేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

ప్రపంచంలో అన్నిటికన్నా చిన్న విమాన ప్రయాణం స్కాట్లాండుకు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే, పాపా వెస్ట్రే అని రెండు చిన్న దీవులు. మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. టైంటేబులులో రెండు నిమిషాలు రాసి ఉంటుంది. గాలి కలిసొస్తే ఒక్క నిమిషం కూడా పట్టదు, ఒకసారి 53 సెకన్లలోనే చేరారు. మన తిరుత్తణి స్టేషను నుంచి కొండ పాదానికి ఆటోలో పోయేలోపు అక్కడ వాళ్లు దీవి మారి దిగిపోతారు. అక్కడ అంత చిన్న విమానం ఎందుకు నడుస్తుందంటే మధ్యలో సముద్రం ఉంది, వంతెన లేదు. దూరం కిలోమీటర్లలో ఎంతైనా, మధ్యలో ఏముందన్నదే లెక్క. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

తమ్ముడి ప్రశ్నకు ఇంకో చిన్న తోక ఉంది. అరక్కోణం నుంచి ప్రయాణికుల విమానాలు అసలెప్పుడూ లేవలేదనుకోకండి. 2015 డిసెంబరు మొదటి వారంలో అడయారు పొంగి మీనంబాక్కం రన్‌వే మునిగి విమానాశ్రయం మూతపడినప్పుడు, మన రాజాళి నుంచే ప్రయాణికులను ఎక్కించారు. హైదరాబాదుకూ అక్కడి నుంచి విమానం వెళ్లింది. చెన్నైలో చిక్కుకున్న మన తెలుగువాళ్లు ఎందరో ఆ నాలుగైదు రోజులూ అరక్కోణం దారి పట్టారు. వరద తగ్గింది, ఆ విమానాలూ ఆగాయి. తమ్ముడూ, నీ జవాబు అయింది.

ఇక అసలు సంగతి.

మన పెద్దలు దూరాన్ని ఆమడల్లో చెప్పేవారు. ఆమడ అంటే ఎనిమిది మైళ్లు, అటూ ఇటూ. ఆ అటూ ఇటూ అనేది ముఖ్యం. ఎందుకంటే ఆమడ నేల కొలత అయినంతగా కాళ్ల కొలత కూడా. ఎడ్లు అలిసే చోట, నీళ్లు దొరికే చోట, సత్రం కనిపించే చోట ఆమడ ముగిసేది. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. తెలుగులో మొదటి యాత్రాచరిత్ర ఆయనదే. ఆయన మన తిరుత్తణి మీదుగా పోలేదు. సత్యవేడు, కాళహస్తి దారి పట్టి తిరుపతి చేరారు. అంటే మన జిల్లా ఉత్తరపు అంచు వెంబడే వెళ్లారు. అప్పట్లో పట్నం నుంచి తిరుపతికి పోవడమంటే వారం మాట. దారిలో ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఏ ఊళ్లో బియ్యం దొరుకుతాయి అన్నవి ఆయన పనిగట్టుకుని రాశారంటే, దూరం కన్నా అవే ప్రయాణాన్ని నిర్ణయించేవి కాబట్టి.

మధ్యలో ఏముందన్నదే లెక్క అన్నాం కదా. దానికి మన జిల్లాలోనే ఒక ఘోరమైన ఉదాహరణ ఉంది. 1780లో హైదరాలీ కర్ణాటకం మీదికి వచ్చినప్పుడు, ఇంగ్లీషు కంపెనీ సేనాని కర్నల్ బెయిలీ గుంటూరు వైపు నుంచి దండుతో దిగివచ్చాడు. ఇంకో సేనాని హెక్టర్ మన్రో కంచిలో కాచుకుని ఉన్నాడు. ఇద్దరూ కలవాలి. ఆగస్టు 25న బెయిలీ కొసస్తలై ఏటి ఉత్తరపు గట్టుకు చేరాడు. ఏరు అప్పటికి దాటగలిగేలాగే ఉందట. ఆ రాత్రికి ఇవతలే మకాం వేశాడు. తెల్లారేసరికి ఏరు పొంగింది. దాదాపు పది రోజులు అక్కడే. దాటాక పేరంబాక్కం దగ్గర సెప్టెంబరు 6న ఒక పోరు జరిగింది. అక్కడికి కంచి 15 మైళ్లు, అంటే రెండు ఆమడలు కూడా లేదు. మన్రో రాలేదు, బెయిలీ పోలేకపోయాడు. సెప్టెంబరు 10న పుల్లలూరు దగ్గర అతని దండు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ కొసస్తలై మన ఏరే. మనవాళ్లలో కొందరు కుశస్థలి అంటారు. మామూలు రోజుల్లో పంచె మోకాలికి ఎత్తి దాటే ఏరు. ఇప్పుడు పూండి చెరువులోకి వచ్చి చేరేదీ ఆ నీళ్లే.

రైలు వచ్చాక ఆమడ చచ్చిపోయింది. దక్షిణదేశంలో మొదటి రైలు 1856లో రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు, మన తిరువళ్లూరు మీదుగానే. జూన్ 28న ప్రారంభోత్సవం రోజు గవర్నరు లార్డ్ హారిస్‌తో ఒక బండి ముందు పోతే, అతిథులతో ఇంకో బండి తిరువళ్లూరు దాకా వచ్చి వెనక్కి పోయింది. వీరరాఘవస్వామి కోవెలకు అమావాస్య నాడు వచ్చే జనం, అంతకుముందు రెండు రోజుల దారి నడిచి వచ్చేవాళ్లు, పొద్దున వచ్చి సాయంత్రం పోవడం అప్పుడు మొదలైంది. 1860లలో అరక్కోణం నుంచి ఉత్తరంగా ఒక కొమ్మ వేశారు. తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా రేణిగుంటకు. 1871 నాటికి అది కడప దాటి రాయచూరు చేరి బొంబాయి లైనుతో కలిసింది. తర్వాత దేశంలోని రైళ్లన్నీ చాలా ఏళ్లు మద్రాసు గడియారం ప్రకారమే నడిచాయి. 1906లో ఇప్పటి భారత కాలమానం వచ్చేదాకా అంతే. ఢిల్లీ స్టేషనులోనూ మన టైమే. ఇది ఊరికే గొప్పకు చెబుతున్నాం, అసలు కథకు సంబంధం లేదు.

ఆ కొమ్మ లైను వల్ల తిరుత్తణికి రెండు మొహాలు వచ్చాయి. ఒకటి పట్నం వైపు, ఒకటి తిరుపతి వైపు. రైల్లో తిరుత్తణి నుంచి చెన్నై సెంట్రలుకు 82 కిలోమీటర్లు, తిరుపతికి సుమారు 65. ఈ రెండో మొహానికి మంచి సాక్ష్యం సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చదువు. ఆయన 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక తెలుగు ఇంట్లో పుట్టారు. 1896లో, ఎనిమిదేళ్ల వయసులో, తిరుపతిలోని లూథరన్ మిషన్ బడికి పంపారు. ఆ తర్వాతే వేలూరు, ఆ తర్వాతే మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అప్పట్లో తిరుత్తణి ఇంట్లో పిల్లవాణ్ణి పెద్దచదువుకు పంపాలంటే మొదట తిరుపతి తోచింది. దానికి కారణం ఆ లైను.

ఇప్పుడు కలెక్టరాఫీసు లెక్క చూద్దాం. మ్యాపు మీద స్కేలు పెట్టి నేరుగా కొలిచిన దూరాలివి, రోడ్డు దూరం ఇంకా ఎక్కువే ఉంటుంది.

రాధాకృష్ణన్ గారు పుట్టిన నాటికి మనది ఉత్తర ఆర్కాటు జిల్లా. దాని కేంద్రం చిత్తూరు. కార్వేటినగరం జమీందారీ కింద ఉన్నా, తెల్లదొర కచ్చేరీ మాత్రం చిత్తూరే. తిరుత్తణి నుంచి 55 కిలోమీటర్లు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా వేరుగా ఏర్పడింది. ఆర్కాటు వాళ్ల కేంద్రం వేలూరికి పోయింది, మనకు చిత్తూరే నిలిచింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరు జిల్లాతోపాటు మనమూ అటు పోయాం. అప్పుడూ 55 కిలోమీటర్లే. అయితే ఆ 55 ఎంత కష్టమో ముసలివాళ్లను అడగండి. రైల్లో పోవాలంటే తిరుత్తణి నుంచి అరక్కోణం, అక్కణ్ణుంచి కాట్పాడి, అక్కడ పెద్ద బండి దిగి మీటర్‌గేజీ బండి ఎక్కి చిత్తూరు. లేదంటే రేణిగుంట మీదుగా చుట్టు తిరుగుడు. పక్కనున్న ఊరికి రైలు మూడు వైపులా తిప్పేది. మద్రాసుకు మాత్రం ఒకే బండి, ఒకే పట్టా. సరిహద్దు గొడవల్లో మన తాలూకా మద్రాసుకే దగ్గర అని తమిళ సోదరులు వాదించినప్పుడు, దూరం లెక్కన అది పూర్తి నిజం కాకపోయినా ప్రయాణం లెక్కన నిజమే. ఈ మాట అంటే మనలో కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

ఆ గొడవ చిన్నది కాదు. మ.పొ. శివజ్ఞానం, మంగళంకిళార్ లాంటివారు ఉత్తరపు సరిహద్దు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. జైళ్లకు వెళ్లారు. తిరుపతి దాకా తమదే అన్నారు. ఇటు మనవాళ్లు చెన్నపట్నమే తమది అన్నారు. పొట్టి శ్రీరాములు గారి ప్రాణం పోయింది కూడా ఆ పట్నంలోనే, 1952 డిసెంబరు 15న. ఇరువైపులా కావాలన్నది పెద్ద గుళ్లూ పెద్ద పట్నాలూ. మధ్యలో నలిగింది మాత్రం తిరుత్తణి, పళ్లిపట్టు, సత్యవేడు లాంటి ఊళ్లు. చివరికి హెచ్.వి. పటాస్కర్ గారిని మధ్యవర్తిగా పెట్టారు. ఆయన పద్ధతి మూడు ముక్కల్లో చెప్పొచ్చు. గ్రామాన్ని యూనిట్‌గా తీసుకోవాలి, ఆ గ్రామంలో ఏ భాషవాళ్లు ఎక్కువో చూడాలి, అలా వచ్చిన గ్రామాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. ఆ తీర్పు మీద పార్లమెంటు 1959లో చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకాలో, పళ్లిపట్టు వైపు ఉన్న 300కు పైగా గ్రామాలు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. బదులుగా తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాల నుంచి 150కి దగ్గరగా గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి సత్యవేడు తాలూకా అయ్యాయి.

ఆ పద్ధతి మీద మా అభిప్రాయం చెబుతాం. భాష చూడటం తప్పు కాదు. కానీ మన ఊళ్లలో ఒక ఇంట్లో అత్త తమిళం, కోడలు తెలుగు. ఒకే వీధిలో నేతగాళ్లు తెలుగు మాట్లాడితే ఎదురు వరస తమిళం. అటువంటి గ్రామానికి సగం కన్నా ఒక్క మనిషి ఎక్కువుంటే అటు, తక్కువుంటే ఇటు అని ముద్ర వేస్తే, మిగతా సగం ఒక్క రాత్రిలో అల్పసంఖ్యాకులు అయిపోతారు. ఆ గ్రామానికి సంత ఎక్కడ, ఆసుపత్రి ఎక్కడ, బడి ఎక్కడ, కలెక్టరు ఎక్కడ అన్న ప్రశ్నలు ఆ మూడు సూత్రాల్లో లేవు. గీత గీశాక ఎవరు ఎంత దూరం నడవాలన్నది ఎవరూ కొలవలేదు.

కొలిస్తే ఏం తేలేదో చూడండి. 1960లో మనం చెంగల్పట్టు జిల్లాలో కలిశాం. పేరుకు చెంగల్పట్టు, కలెక్టరు కూర్చునేది సైదాపేటలో. తిరుత్తణి నుంచి 68 కిలోమీటర్లు. చిత్తూరు కన్నా 13 ఎక్కువ. కానీ సెంట్రలులో దిగి, ఎదురుగా పార్కు స్టేషనులో కరెంటు బండి ఎక్కితే సైదాపేట. చేరడం సులువు, దూరం ఎక్కువ. 1968లో కలెక్టరాఫీసు కంచికి మారింది, నేరుగా 39 కిలోమీటర్లు. 1997లో తిరువళ్లూరు జిల్లా వచ్చింది, 33 కిలోమీటర్లు. అంటే 1911కు ముందు నుంచి లెక్కేస్తే మన కలెక్టరు 55, 68, 39, 33 అని ఊగుతూ వచ్చాడు. తిరుత్తణిలో ఇల్లు కదలలేదు. ఆ ఇంటి చిరునామాలో జిల్లా పేరు మాత్రం ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, చెంగల్పట్టు, తిరువళ్లూరు అని మారుతూ పోయింది.

సత్యవేడు వాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఈ విషయం మనం ఎప్పుడూ మాట్లాడుకోం. మన దుఃఖం మనకు పెద్దగా కనిపిస్తుంది కాబట్టి. సత్యవేడు నుంచి సైదాపేట 54 కిలోమీటర్లు ఉండేది. 1960లో చిత్తూరు జిల్లాలో వేశారు. నేరుగా గీసినా 96 కిలోమీటర్లు, అదీ కొండలు దాటి. ఒక రెవెన్యూ కాగితం కోసం పొద్దున పోయి రాత్రికి రావడం కుదిరే పని కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాకే అది 62కు తగ్గింది. అంటే 62 ఏళ్లు ఆ ఊళ్లు ఆ దూరాన్ని మోశాయి. అక్కడి తమిళులు తమిళ బడి కోసం పడే పాట్లు, ఇక్కడ మనం తెలుగు బడి కోసం పడే పాట్లు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వాళ్లూ మనవాళ్లేనని మా నమ్మకం.

గీత రైలు పట్టాలను కూడా కోసింది. తిరుత్తణి దాటి పొన్‌పాడి మన వైపు ఆఖరి స్టేషను. తర్వాత వచ్చేది వెంకటనరసింహరాజువారిపేట, ఆంధ్రలో మొదటిది. దేశంలోనే పెద్ద పేరున్న స్టేషనుల్లో అదొకటని పిల్లలు పోటీ పరీక్షలకు చదువుతుంటారు. మన వైపు పళ్లిపట్టు దగ్గర రామకృష్ణరాజుపేట ఉంది. ఇప్పుడు ఆ పూర్తి పేరు ఎవరూ పలకరు. బస్సు బోర్డు మీద ఆర్.కె. పేట. అటు పేట పేరంతా బోర్డు నిండా పరుచుకుని ఉంది, ఇటు పేట రెండు అక్షరాలకు కుదించుకుపోయింది. రెండూ రాజుల పేటలే, రెండూ ఒకప్పుడు ఒకే జిల్లా. ఎవరూ కుట్ర చేయలేదు. అలవాటు మీద జరిగిందంతే.

రోడ్డు మాత్రం గీతను పట్టించుకోలేదు. చెన్నై నుంచి తిరువళ్లూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు, రేణిగుంట, తిరుపతి. ముందు 205 నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 716. పురటాసిలో పసుపు బట్టలు కట్టుకుని గోవిందా అంటూ తిరుమలకు నడిచిపోయే జనం ఆ దారినే పోతారు. పట్నం నుంచి తిరుమల స్వామికి పోయే గొడుగులు తిరువళ్లూరులో ఆగి వెళతాయి. ఆడికృత్తికకు నగరి, పుత్తూరు నుంచి కావళ్లు మోసుకుని వచ్చే తెలుగు జనం ఎదురు దిక్కున వస్తారు. వాళ్లకు చెక్‌పోస్టు ఉన్నట్టే తెలియదు.

చెక్‌పోస్టు తెలిసేది కాగితం పట్టుకుని పోయేవాళ్లకు. పెళ్లిచేసి పిల్లను నగరికి ఇచ్చాం. అటు 15 కిలోమీటర్లు. ఆ పిల్లకు పుట్టింటి కులం సర్టిఫికెట్టు అక్కడ చెల్లదు. ఇక్కడ వెనుకబడిన తరగతిలో ఉన్న కులం అక్కడ ఇంకో పేరుతో ఇంకో జాబితాలో ఉంటుంది. మా ఇళ్లలో ఒకరు తాతల నాటి పొలం పత్రం వెతుక్కుంటూ ఇక్కడి ఆఫీసుకు పోతే 1960కి ముందువి అక్కడ అడగండి అన్నారు, అక్కడికి పోతే మీది ఆ రాష్ట్రం కదా అన్నారు. నాలుగు తడవలు తిరిగాక పొలమే వద్దనుకున్నంత పని అయింది. ఆర్క్నీ దీవుల మధ్య 2.7 కిలోమీటర్ల సముద్రం అన్నాం కదా, పొన్‌పాడికీ ఆ తర్వాతి స్టేషనుకూ మధ్య అటువంటిదే ఒకటి ఉంది. నీళ్లు కనిపించవు.

నీళ్లంటే గుర్తొచ్చింది. కృష్ణ నీళ్లు చెన్నైకి తేవాలని ఎన్టీఆర్, ఎంజీఆర్ 1983 ఏప్రిల్‌లో ఒప్పందం చేసుకున్నారు. కండలేరు నుంచి సరిహద్దు దాకా 152 కిలోమీటర్ల కాలువ, అక్కణ్ణుంచి మన పూండికి ఇంకో 25. మొదటి నీళ్లు సరిహద్దు దాటింది 1996లో. 177 కిలోమీటర్లకు 13 ఏళ్లు. కాలువ వచ్చింది కాబట్టి ఫిర్యాదు చేయం. కానీ నీళ్లకు గీత దాటే ఒప్పందం కుదిరింది, పుస్తకాలకు ఇప్పటికీ కుదరలేదు.

పుస్తకాల మాట దగ్గరే మేము ఆగాలనుకున్నాం, ఎందుకంటే ఈ లెక్కలన్నీ చివరికి అక్కడికే వస్తాయి. గీత మారినా తిరుత్తణి, పళ్లిపట్టు వైపు తెలుగు బడులు చాలాకాలం నడిచాయి. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి, ఏటా ఒక తరగతి పైకి. ఆ మొదటి పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి 2016. తమిళం నేర్పే టీచరే లేని తెలుగు బడుల పిల్లలు తమిళ పేపరు ఎలా రాస్తారని కోర్టుకు పోవాల్సి వచ్చింది. మినహాయింపులు తెచ్చుకోవాల్సి వచ్చింది. తమిళం నేర్చుకోమంటే మనం ఎప్పుడూ కాదనలేదు. ఇక్కడ పుట్టినవాడికి తమిళం ఊపిరి లాంటిది. మన ఇళ్లలో తెలుగు కన్నా తమిళమే బాగా చదివేవాళ్లు ఎక్కువ. మనం అడిగింది తెలుగు కూడా ఉండనివ్వమని మాత్రమే. ఇప్పుడు తెలుగు వాచకం ఆలస్యంగా వస్తుంది, ఒక్కో ఏడు రాదు. 15 కిలోమీటర్ల అవతల నగరిలో కొట్లో తెలుగు వాచకాలు ఉంటాయి, కానీ ఆ సిలబసు వేరు. తిరుత్తణి పిల్ల ఇంట్లో మాట్లాడే భాషలో ఒక పాఠ్యపుస్తకం చేతికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఏ టైంటేబులులోనూ లేదు.

అందుకే మన సంఘం తరఫున ఒక పని పెట్టుకున్నాం. 1960కి ముందు పుట్టినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు, కానీ ఏటా తగ్గిపోతున్నారు. ఆ ఏప్రిల్ 1న బడిలో ఏం జరిగింది, మరుసటి ఏడు ఏ పుస్తకం ఇచ్చారు, కచ్చేరీ పనికి ఎక్కడికి పోయారు, ఎంత చార్జీ, ఎన్ని రాత్రులు బయట పడుకున్నారు అని అడిగి రాసుకుందాం. ఫోనులో రికార్డు చేసినా సరే. అవ్వలు మాట్లాడే తిరుత్తణి తెలుగునే రాయండి, దిద్దకండి. అలాగే మీ పెట్టెల్లో చిత్తూరు జిల్లా, తిరుత్తణి తాలూకా అని అచ్చయిన కాగితం ఏదున్నా ఫొటో తీసి పంపండి. బడి టీసీ కావచ్చు, పెళ్లి శుభలేఖ కావచ్చు, కిస్తీ రసీదు కావచ్చు. అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. పేరూ సర్వే నంబరూ ఉన్నచోట వేలు అడ్డం పెట్టి తీయండి. ఏడాది, ఊరు కనిపిస్తే చాలు. వచ్చే నెల రెండో ఆదివారం తిరువళ్లూరు కూటంలో వచ్చినవన్నీ ఏళ్ల వరసలో పెట్టి చూద్దాం. తిరుత్తణి నుంచి వచ్చేవాళ్లు అరక్కోణంలో బండి మారాల్సి రావచ్చు, కాబట్టి పదిన్నరకు మొదలుపెడతాం.